హంతకుడెక్కిన బస్సు

మా ఇంటికి వచ్చినవాళ్లు అద్దాల బీరువా నిండా ఉన్న పాత డిటెక్టివ్ నవలలను చూసి అడిగేది ఒకటే మాట. "ఇవన్నీ ఎందుకు మేడం?" చీరలు కొంటే ఎందుకని ఎవరూ అడగరు. అట్ట మీద పిస్తోలు పట్టుకున్న పిల్ల, వెనక పొగమంచులో ఒక నల్ల కారు, అలాంటి పుస్తకాలు ఒక రిటైరైన పంతులమ్మ ఇంట్లో ఉంటే మాత్రం అడ్డమైన వాళ్లకూ సంజాయిషీ చెప్పుకోవాలి. చిన్నప్పటి సరదా అని ఒకరికి, మనవళ్ల కోసమని ఇంకొకరికి చెప్పి తప్పించుకుంటాను. రెండూ నిజం కాదు. చిన్నప్పుడు మా బాపు నన్ను మోసం చేశాడా, చేస్తే ఎందుకు చేశాడు, అది తేల్చుకోవడానికే వీటిని పోగుచేశాను. చివరికి తేలింది. తేలాక కూడా నా తికమక పూర్తిగా తీరలేదు.

మాది మొయినాబాద్. బాపు చేవెళ్ల తాలూకా కచేరీలో గుమస్తా. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. మా అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. అవ్వ మిషన్ బడిలో చదువుకుంది. రోజూ సాయంత్రం ప్రార్థనలో వాక్యం ఆమే చదివేది. బాపును చదవమంటే, "నాకు చత్వారం, నువ్వే చదువు" అనేవాడు. ఆ వెంటనే అరుగు మీద కూర్చుని చీమల బారులాంటి అక్షరాలున్న ఉర్దూ పేపరు, అద్దాలు లేకుండా, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేవాడు. నాకు అందులో వింతేమీ కనబడలేదు. పిల్లలకు ఇంట్లో జరిగేది ఏదీ వింత కాదు.

చేవెళ్లలో బస్సులు ఆగే చోట కోస్తా నుంచి వచ్చిన ఒకాయన చిన్న దుకాణం నడిపేవాడు. పేపర్లు, పెన్సిళ్లు, సోడాలు, వాటితో పాటు కిరాయికి నవలలు. అందరూ ఆయనను నవలలాయన అనేవాళ్లు. కిరాయికి పోయిన డిటెక్టివ్ నవలలు తిరిగి రాకపోతుంటే విసిగిపోయి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి నవలలోనూ ఆఖరి ఫారం, అంటే చివరి పేజీల కట్ట, కుట్టు ఊడదీసి తన దగ్గరే పెట్టుకునేవాడు. మిగతా పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చు. హంతకుడు ఎవరో తెలియాలంటే మాత్రం దుకాణానికి వచ్చి, పుస్తకం అప్పజెప్పి, ఆ కట్ట తీసుకుని అక్కడే నిలబడి చదువుకోవాలి. సాయంత్రం పూట ఆ దుకాణం ముందు మగవాళ్లు ప్రార్థనకు నిలబడ్డట్టు తలలు వంచుకుని నిలబడేవారని, మధ్యమధ్య ఒకడు "వార్నీ!" అని అరిచేవాడని బాపు చెప్పేవాడు.

మగవాళ్లకు బాగానే ఉంది. బజార్లో నిలబడి హంతకుడి సంగతి చదువుకునే ఆడపిల్లను చేవెళ్ల అప్పటికి ఇంకా కనలేదు. పుస్తకమంతా గుండె దడదడలాడుతూ చదివి, సరిగ్గా డిటెక్టివ్ అందరినీ హాల్లోకి పిలిచిన దగ్గర నా పేజీలు అయిపోయేవి. ఆ మర్నాడంతా నాకు అన్నం సయించేది కాదు. బాపు పుస్తకం తిరిగిచ్చి, ఆ చివరి పేజీలు చదివి, ఇంటికొచ్చి చెప్తేనే నాకు ముగింపు.

పుస్తకం ఇస్తే బాపు దాన్ని ఎప్పుడూ వెనక అట్ట పైకి వచ్చేట్టు పట్టుకునేవాడు. వెల చూస్తున్నాడనుకునేదాన్ని. గుమస్తా బుద్ధి అని లోపల నవ్వుకునేదాన్ని కూడా.

ఒక నవలలో, మద్రాసు నగల వ్యాపారి ఒకడు లోపల గడియ పెట్టిన గదిలో చచ్చిపడి ఉంటాడు. మేనేజరు మీద నాకు అనుమానం. సాయంత్రం బాపు బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టగానే మీద పడ్డాను.

"ఎవరు బాపు? మేనేజరేనా?"

"జర నీళ్లు తాగనియ్యి బిడ్డా." చెంబు ఎత్తి తాగి, మూతి తుడుచుకుని, మంచం మీద కూర్చుంటే గానీ మొదలుపెట్టేవాడు కాదు. "మేనేజరే. సొమ్ములన్ని సంచిల ఏసుకొని బస్టాండుకు పోయిండు. బస్సు రాలే."

"ఆయనకు కారున్నది కద?"

"పెట్రోలు అయిపోయింది. కూసున్నడు, కూసున్నడు, బస్సు రానే రాలే. ఆకలైంది. మిర్చిబజ్జి కొనుక్కొని తినుకుంట కూసున్నడు. డిటెక్టివ్ పోయి పక్కకు కూసోని, 'అన్నా, నాకు గూడ ఒకటి పెట్టు' అన్నడు. గట్ల దొరికిండు."

బాపు చెప్పిన ముగింపుల్లో ఎప్పుడూ ఒక బస్సు ఉండేది. హంతకుడు బొంబాయి సేఠ్ అయినా, సొంత విమానమున్న స్మగ్లర్ అయినా చివరికి బస్సే ఎక్కేవాడు. ఒకసారి బస్సు ఘాట్‌లో ఆగిపోతే అందరూ దిగి నూకారట. ఒక్కడు మాత్రం చేతిలో సంచి కింద పెట్టకుండా నిలబడ్డాడట. "డిటెక్టివ్ గది చూసిండు" అని బాపు కళ్లు చికిలించి చెప్తే నేను చప్పట్లు కొట్టాను. బావి దగ్గర అమ్మాయిలకు ఆ ముగింపులు నేనే చెప్పేదాన్ని. పుస్తకం చదవని వాళ్లకు కూడా బస్సు నచ్చేది. ఆ బస్సు బాపు కల్పించిందేమోనని నాకు లోలోపల అనుమానం లేకపోలేదు. రోజూ బస్సులో కూర్చుని వచ్చే మనిషికి బస్సే గుర్తొస్తుందిలే అనుకున్నాను. హంతకుడు ఎవరన్నది మాత్రం పుస్తకంలో ఉన్నదే చెప్తాడని నమ్మాను. బాపు అబద్ధం చెప్తాడనే ఊహే నాకు లేదు.

అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో మా బడి మూతపడింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. ఏం జరుగుతోందో తెలిసీ తెలియదు. రోడ్డు మీద రాళ్లు అడ్డం పెట్టి లారీలు ఆపేవారు. పోలీసు వ్యాను వస్తే అందరూ చేలలోకి పరుగెత్తి, అది పోగానే మళ్లీ వచ్చి అవే రాళ్లు పెట్టేవారు. మా పెదబాపు కొడుకు మెట్రిక్ పాసై ఏళ్లు గడిచినా కొలువు లేక ముడిమ్యాలలో ఎడ్ల వెనక తిరుగుతున్నాడు. మన కొలువులు మనకే రావాలె అని వాడంటే నాకు న్యాయంగానే తోచింది. ఈనాటికీ అది న్యాయమే అంటాను. నేనూ పోయి రోడ్డు మీద నిలబడి గొంతు బొంగురుపోయేదాకా జై తెలంగాణ అన్నాను.

అలా అరిచి, ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కోస్తావాళ్లు రాసి కోస్తాలో అచ్చేసిన నవల ముందేసుకుని కూర్చునేదాన్ని. అందులో డిటెక్టివ్ "వెళ్ళాడు", "వచ్చేశాడు", "అబ్బే లేదండీ" అనేవాడు. ఆ మాటలు నా నోటికీ పట్టాయి. ఒకసారి బావి దగ్గర "వచ్చేశాను" అన్నానో లేదో, అమ్మాయిలంతా పకపకా నవ్వి, "ఆంధ్రామె వచ్చేసింది, జరుగుండ్రి" అన్నారు. బడి తెరిచి ఉన్నప్పుడేమో, "వచ్చిన" అంటే కోస్తా నుంచి వచ్చిన మా తెలుగు అయ్యవారు మొహం చిట్లించేవాడు. ఇక్కడ అలా అంటే తప్పు, అక్కడ ఇలా అంటే తప్పు. ఎవరి ముందు ఏ నోటితో మాట్లాడాలో తెలియక కొన్నాళ్లు తల ఊపి ఊరుకునేదాన్ని.

కచేరీలోనూ సమ్మె. బాపు చొక్కాకు బిళ్ల పెట్టుకుని రోజూ చేవెళ్లకు పోయేవాడు. బస్సు ఉంటే బస్సు, లేకపోతే సైకిల్. శిబిరంలో కూర్చుంటున్నానని చెప్పేవాడు. సమ్మె చేసేవాళ్లకు రోజంతా ఏం పని ఉంటుందో నాకు తెలియదు కాబట్టి నమ్మాను.

పక్కింటాయన షాబాద్ సంతకు పోయి వస్తూ మా గుమ్మంలో ఆగి, అవ్వను కాదని నన్ను అడిగాడు. "ఏం బిడ్డా, మీ బాపు గా ఆంధ్రాయన దుకాణంలకు వెనక దర్వాజనుంచి పోతుండేంది? ముంగట తలుపులు దగ్గరేసి ఉన్నయి. లోపల ఇద్దరే ఉన్నరు. ఏం పని ఆడ?"

"నా పుస్తకాలు ఇచ్చేతందుకు" అన్నాను.

"పుస్తకాలు ఇచ్చేతందుకు పొద్దంత పడ్తదా?" అని ఆయన వెళ్లిపోయాడు.

అవ్వను అడిగితే, "నీ పని నువ్వు చూస్కో" అని కసిరింది. అవ్వ కసిరిందంటే అందులో ఏదో ఉన్నట్టే. అన్ని నవలలు చదివిన దాన్ని ఊరుకుంటానా? బాపు మీద నిఘా పెట్టాను. చొక్కా జేబులో ఒక పెన్సిలు ముక్క దొరికింది. సమ్మెలో ఉన్నవాడికి పెన్సిలెందుకు? కుడి చేతి వేళ్లకు సీసం మరక. బనీను లోపల ఏవో కాగితాలు దోపుకుని వచ్చి, అవి గోడ గూట్లో, పాటల పుస్తకం వెనక పెట్టాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. మా బాపు ఉలిక్కిపడగా నేను చూడటం అదే మొదటిసారి.

నేను తేల్చుకున్నది ఇదీ. సమ్మె వాళ్లు అనుకునే మాటలన్నీ బాపు రాసి ఆ కోస్తా ఆయనకు ఇస్తున్నాడు. ఆయన వాటిని ఎవరికో చేరవేస్తున్నాడు. పిస్తోలు ఒక్కటే తక్కువ గానీ ఇది అచ్చం నేను చదివిన కథే. ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం భయంతో, సిగ్గుతో కుంచించుకుపోయాను. బావి దగ్గరికి పోవడం తగ్గించాను. జై తెలంగాణ అని ఎవరైనా అరిస్తే వాళ్లు మా ఇంటివైపు చూసి అరుస్తున్నారేమో అనిపించేది. బాపు ఎటువైపు? మావైపే అయితే వెనక తలుపు ఎందుకు? ఇంట్లో తిరుగుతున్న మనిషిని చూస్తే ఎప్పటి బాపులాగే ఉన్నాడు. నాకేం పాలుపోలేదు.

ఒక బందు రోజు సాయంత్రం బాపు సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. టైరులో గాలి లేదు, ముఖాన దుమ్ము. హ్యాండిల్‌కు వేలాడుతున్న సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. నేను రెండు రోజుల కిందట తిరిగి పంపిన నవలే అది. ఊటీలో ఒక బంగళా, అందులో విషం పెట్టి చంపిన ముసలి దొరసాని. కానీ ఇప్పుడు ఆఖరి ఫారం కూడా అందులోనే ఉంది. నల్ల దారంతో కుట్టి ఉంది.

"నవలలాయన పోతుండు బిడ్డా. బోర్డుకు తారు పూసిండ్రు. ఎవలు ఏమనలే గని, ఆయనకే ఉండబుద్ధి అయితలేదు. సామాను సదురుకుండు. ఇది నీకే ఇచ్చిండు, ఉంచుకొమ్మన్నడు."

నేను పుస్తకం లాక్కుని చివరి పేజీలు తీయబోయాను. బాపు నా చేయి పట్టుకున్నాడు.

"ఆగు. తెరువకు. నేను చెప్త."

"పేజీలు ఇండ్లనే ఉన్నయి కద? నేనే చదువుకుంట."

"నేను చెప్తనంటున్న కద, కూసో."

నీళ్లు కూడా తాగలేదు. మంచం మీద నిటారుగా కూర్చుని మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ఒక్కో మాట వెతుక్కుంటున్నట్టు చెప్పాడు. దొరసాని పాల గ్లాసులో విషం కలిపింది ఆమె సొంత చెల్లెలు. డిటెక్టివ్ ఆమెతో "దయచేసి కూర్చోండి" అన్నాడు. ఆమె "దీనంగా" చూసింది. దీనంగా అనే మాట బాపు నోట నేనెప్పుడూ వినలేదు. పోలీసులు వచ్చారు, తీసుకుపోయారు, డిటెక్టివ్ సిగరెట్టు వెలిగించాడు. అయిపోయింది.

నేను ఇంకా ఉందేమోనని చూశాను.

"బస్సేది బాపు?"

"ఇందుల బస్సు లేదు."

"ఇయ్యాల బందు కద. హంతకురాలికి గూడ బస్సు దొరకలేదా?" అని నవ్వాను.

బాపు నవ్వలేదు. "నేనే చదివిన బిడ్డా. పొద్దుగాల్నించి కూసోని, అక్షరం అక్షరం నేనే చదివిన" అన్నాడు.

"ఎప్పుడు నువ్వే కద చదివేది. గిట్ల చప్పగ చెప్పకు. బస్సు పెట్టి చెప్పు."

నా మొహంలోకి కాసేపు చూశాడు. లేచి, కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగి, మూతి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

"సరే, ఇను. చెల్లెలు పోలీసోళ్లకు దొరకలే. దొడ్డి దర్వాజనుంచి ఉరికి బస్సెక్కింది. అజీజ్‌నగర్ కాడ రోడ్డుకు అడ్డం రాళ్లున్నయి. పోరగాండ్లు బస్సు ఆపిండ్రు. అందరు దిగి నడుసుకుంట పోతున్నరు. ఈమె దొరసాని చెల్లెలు, ఎన్నడు నడిచిన పాపాన పోలే. ఇంత దూరం పోయి బొబ్బలెక్కి కూలవడ్డది. డిటెక్టివ్ సైకిల్ మీద వచ్చి, 'అక్కా, వెనక కూసో, ఠాణాల దించుత' అన్నడు."

ఊటీ నుంచి అజీజ్‌నగర్ ఎలా వచ్చిందని నేను అడగలేదు. పడీ పడీ నవ్వాను. అవ్వ మాత్రం పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి కూర్చుని ఉంది, ఆమె నవ్విన చప్పుడు వినబడలేదు.

మర్నాడు ఆ పేజీలు నేనే చదివాను. బాపు మొదట చెప్పినదే ఉంది, చెల్లెలు, పాల గ్లాసు, దీనంగా చూడటం, అంతా. అచ్చు పంక్తుల కింద ఎవరో పెన్సిల్‌తో ఉర్దూలో ఏదో గీకారు. కిరాయి పుస్తకం కదా, ఎవరో తురక భాయి కవిత్వం రాసుకున్నాడు కాబోలు అనుకున్నాను. నవలలాయన పోయాడు. తర్వాత తిరిగొచ్చాడని కొందరు, రాలేదని కొందరు చెప్పారు. సమ్మె ఆగి బాపు కచేరీకి పోయాడు, మా బడి తెరిచారు. నా అనుమానం మాత్రం అడగకుండానే లోపల ఉండిపోయింది. అడిగితే బాపు ఔనంటాడేమోనని భయం.

బాపు ఉద్యోగం చేసి, పింఛను తీసుకుని, ఒక వానాకాలంలో పోయాడు. నేను పంతులమ్మనయ్యాను. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతుకుతుంటే ఆ నగల వ్యాపారి నవల చేతికి తగిలింది. ఆఖరి ఫారంతో సహా ఉంది. బాపులాగే ఎండలో అక్కడే నిలబడి చదివాను. హంతకుడు మేనేజరు కాదు! వ్యాపారి బావమరిది. కిటికీ సందులోంచి పొడవాటి సూది గుచ్చాడు. మేనేజరు అమాయకుడు, చివర్లో అతనికి పెళ్లి కూడా అవుతుంది.

బుర్ర తిరిగిపోయింది. అమ్మేవాడు "ఎంత సేపు చదువుతరమ్మా, కొంటరా లేదా?" అని కసిరాడు. కొన్నాను.

అప్పటి నుంచి పట్టుకుంది ఈ పిచ్చి. చిన్నప్పుడు చదివిన నవలలన్నీ వెతికి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. షాబాద్‌లో తూకం కాగితాల కొట్టులో కొన్ని దొరికాయి. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌కు కాపలా ఉన్నాయన, యజమాని పారేయమన్న పెట్టెలోంచి కొన్ని తీసి ఇచ్చాడు. ఒక్కోటి తెచ్చుకోవడం, ముందుగా ఆఖరి ఫారం చదవడం, నెత్తి కొట్టుకోవడం. స్మగ్లర్ హంతకుడు కాదు, డాక్టరు. సేఠ్ నిర్దోషి, వంటవాడిదే పని. బాపు చెప్పిన హంతకులంతా నిర్దోషులే. ఒక్క ఊటీ దొరసాని కథలో తప్ప.

రెండో ముద్రణలో ముగింపులు మార్చారా? నవలలాయన ఆఖరి ఫారాలు కలగాపులగం చేసి ఒకదానికి ఇంకొకటి ఇచ్చాడా? బాపుకు చదివే ఓపిక లేక, వచ్చే దారిలో నోటికొచ్చింది అల్లాడా? మొదటి రెండింటినీ పట్టుకుని చాలా కాలం వేలాడాను, ఎందుకంటే మూడోది నాకు కష్టంగా ఉంది. నేను అన్నం మాని ఎదురుచూసిన ముగింపును, నాలుగు పేజీలు తిప్పడానికి బద్ధకించి, అబద్ధంగా చెప్పాడా? మరి ఆ ఒక్కటీ ఎందుకు నిజం చెప్పాడు? పక్కింటాయన మాట మళ్లీ గుర్తొచ్చేది. చివరి పేజీలు కూడా చదవని మనిషి పొద్దంతా ఆ దుకాణంలో ఏం చేశాడు? చనిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వచ్చినట్టే వచ్చి, ఎవరి మీద చూపాలో తెలియక పోయేది.

చేవెళ్ల బడిలో నాతో పాటు ఒక ఉర్దూ సారు పనిచేసేవాడు. ఒక రోజు మధ్యాహ్నం అన్నాల వేళ ఆ ఊటీ పుస్తకం ఆయన ముందు పెట్టాను. బంగళా బొమ్మ చూసి ఆయన నవ్వాడు. "పంక్తుల కింద ఎవరో కవిత్వం రాశారు సార్, ఏం రాశారో చెప్పండి" అన్నాను.

ఆయన అద్దాలు సర్దుకుని చూశాడు. పెదాలు కదిలించి చదివాడు. మళ్లీ చదివాడు. నొసలు ముడిచాడు.

"ఇది ఉర్దూ గాదు మేడం."

"మరి?"

"తెలుగే. లిపి మాది, మాట మీది. ఇగో, పైన అచ్చుల ఏమున్నది చదవుండ్రి."

"'దయచేసి కూర్చోండి' అన్నాడు డిటెక్టివ్."

"గదే. ద, య, చే, సి. ఒక్కొక్క తెలుగక్షరం కింద గదే అక్షరం మా లిపిల రాసుకున్నరు. పిల్లలు అలీఫ్ బే నేర్చుకునేటప్పుడు గిట్లనే చేస్తరు. తెలుగు రానాయన ఎవరో తెలుగు నేర్చుకున్నడు." పేజీలు తిప్పాడు. "ముందల ప్రతి అక్షరానికి రాసిండు. పోను పోను తక్కువైంది. ఒత్తుల కాడ, సంయుక్తాల కాడ మాత్రమే ఉన్నది. ఆఖరి పేజీల ఏం లేదు."

"ఆఖరి పేజీలో ఎందుకు లేదు?"

"ఏమో. ఇగ అవసరం పడలేదేమో."

నా అన్నం డబ్బా అలాగే ఉండిపోయింది. వెనక అట్ట పైకి పెట్టి పట్టుకున్న పుస్తకాలు గుర్తొచ్చాయి. చత్వారం గుర్తొచ్చింది. ఏ ఊరి బోర్డున్న బస్సు వచ్చినా, "ఇది ఏడికి పోతది?" అని కండక్టరును అడిగి ఎక్కడం గుర్తొచ్చింది. అది మా బాపు కలుపుగోలుతనం అనుకున్నాను. సిగరెట్టు బూడిదను బట్టి హంతకుణ్ణి పట్టే కథలు బీరువా నిండా చదివిన దాన్ని, మా ఇంట్లో కన్నతండ్రికి తెలుగు చదవడం రాదని కనిపెట్టలేకపోయాను.

ఇంటికి పోయేసరికి అవ్వ చేటలో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. అప్పటికి ఆమెకు చూపు తగ్గింది, గింజలు వేళ్లకు తెలిసేవి. పక్కన కూర్చుని అడిగాను. "అవ్వా, బాపుకు తెలుగు చదవ రాకుండెనా?"

చేట కింద పెట్టింది. "ఎవలు చెప్పిండ్రు?"

"బాపే. పుస్తకంల రాసి ఉంచిండు."

అవ్వ చేటను పక్కకు జరిపి చెప్పింది. "ఆయన చదివిన కాలంల సర్కారు బడంత ఉర్దూనే. తెలుగు నోటికే గని కండ్లకు రాలే. మొదట ఫికర్ లేకుండె, కచేరీ కూడ ఉర్దూలనే నడిచె. తర్వాత కాయిదాలు తెలుగుల వచ్చుడు షురువైంది. రానోళ్లను తీసేస్తరంట అని ఒకటే పరేషాన్. ఎవరినన్న అడుగుదామంటే సిగ్గు. పిల్లలకు అసలే తెల్వద్దన్నడు. నాతోని మాట తీసుకున్నడు."

"నువ్వు నేర్పొద్దా?"

"పెండ్లాం కాడ కూసోని అ ఆలు దిద్దుతడా? గా నవలలాయనే పసిగట్టిండు. అందరు ఎడమనుంచి తిప్పుతరు, ఈయన కట్టను ఉర్దూ పుస్తకం లెక్క కుడినుంచి తిప్పుతుండె. ఆయన ఎవ్వలికి చెప్పలే. సమ్మెల కచేరీ లేదు, ఆయన దుకాణానికి గిరాకీ లేదు. రండి, కూర్చోండి, నేను చెప్తాను అన్నడంట. వెనక దర్వాజనుంచి పిలిచి, గా ఆఖరి కాయిదాల మీదనే నేర్పిండు. బయట ఆంధ్రోళ్లు పోవాలె అని ఈయనే అరుసుడు, లోపలికి పోయి ఆంధ్రాయన కాడ అక్షరాలు దిద్దుడు. రెండు మనస్ఫూర్తిగనే చేసిండు. ఎట్ల చేసిండో నాకు గూడ తెల్వదు."

బనీనులో కాగితాలు, పెన్సిలు ముక్క, సీసం మరక. నేను వాటికి ఏమని అర్థం చెప్పుకున్నానో అవ్వకు చెప్పలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె చింతపండు చేయి నా వీపు మీద వేసి నిమిరింది.

"గా దొరసాని కథ చెప్పిన దినం యాదికున్నదా?" అని అడిగాను. "నేను బస్సు పెట్టి చెప్పమన్న. బాపు బాధపడ్డడా?"

"బాధనా?" అవ్వ ఆలోచించింది. "పొద్దంత కూసోని చదివిండు, నీకు చెప్పాలెనని టైరు పంచరైనా ఉరికొచ్చిండు. నువ్వు బస్సేదన్నవు. పండుకునేటప్పుడు నాతోని అన్నడు, పుస్తకంల దానికంటె బిడ్డకు నాదే నచ్చింది అని. నవ్విండు."

"మంచిగ నవ్విండా, ఊకె నవ్విండా?"

"గది నాకు సమజ్ కాలే" అంది. మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది. "తెల్లారి నువ్వు నీళ్లకు పోయినంక, గా పుస్తకం తీసుకొని పొయ్యి కాడికొచ్చి కూసున్నడు. ఆఖరి కాయిదాలు మొదటికెల్లి చివరిదాక, గట్టిగ, నాకు చదివి ఇనిపిచ్చిండు. నేనైతే బస్సు అడగలే."